సత్తిరాజు షెడ్డులో గచ్చుని నేను

నేను ఒక గచ్చుని. రావులపాలెంలో అరటిగెలల మార్కెట్టు దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో పడుకుని ఉంటాను. షెడ్డుకి వచ్చినవాళ్లు రేకుల గురించి మాట్లాడతారు, గోడ మీద క్యాలెండరు గురించి కూడా మాట్లాడతారు. నా ఊసు ఎత్తేది మాత్రం కాలు జారినప్పుడే, అదీ తిట్టడానికే.

నా పుట్టుక మాత్రం దర్జాగానే జరిగింది. గెలల వ్యాపారం చేసే కొవ్వూరి అమ్మిరెడ్డి గారు అంబాసిడర్ కారు కొన్నారు. కారు ఇంటికి రాకముందే దానికి షెడ్డు కట్టించారు. గోదావరి ఇసుక, నల్లకంకర, సిమెంటు కలిపి మేస్త్రీలు నన్ను పోశారు. నేను ఇంకా పచ్చిగా ఉండగానే ఒక నాటుకోడి మూల మీదుగా నడిచి కాలిగుర్తు వేసి పోయింది. అమ్మిరెడ్డి గారికి ఒళ్లు మండి మర్నాడే దాన్ని కూర వండించారు. కోడి పోయింది గానీ గుర్తు ఉండిపోయింది. తర్వాత నా మీద వరిగడ్డి కప్పి పూటపూటా నీళ్లు పెట్టారు. బాలింతకి కూడా అంత సేవ జరగదేమో. ఆ ఇంట్లో కారుకి సిమెంటు గచ్చు వేయించారు గానీ, డ్రైవరు పడుకునే వసారా మాత్రం మట్టినేలగానే ఉండేది. మనుషులు దేనికి ఎంత విలువ కడతారో నాకు అప్పుడే కొంచెం తెలిసివచ్చింది.

కారు ముసలిదయ్యాక అమ్మేశారు. కొన్నాళ్లు నా మీద అరటిగెలలు పేర్చారు. ఆ తర్వాత షెడ్డుని పితాని సత్తిరాజు అనే మెకానిక్కుకి అద్దెకిచ్చారు. నా అసలు జీవితం అప్పుడే మొదలైంది.

సత్తిరాజు ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. బండి కింద పని చేయడానికి అతనికి చిన్న చక్రాలున్న చెక్కపలక ఒకటి ఉండేది. దాని మీద వెల్లకిలా పడుకుని, మడమలతో నన్ను తన్నుకుంటూ ఆటోల కిందికి, వ్యాన్ల కిందికి దూరిపోయేవాడు. మిగతావాళ్లందరితో నా పరిచయం చెప్పుల వరకే. నాకు జానెడు ఎత్తులో పడుకుని, కూనిరాగాలు తీస్తూ, బోల్టులని బూతులు తిడుతూ బతికిన మనిషి అతనొక్కడే. అందుకే అతనంటే నాకు చాలా ఇష్టం. అతనికి మాత్రం నేనున్నట్టే గుర్తుండేది కాదు. జాకీలు పెట్టి నన్ను గుంటలు చేశాడు. బ్యాటరీ యాసిడ్ ఒలికించాడు, అది నా పైపొర తినేసి కంకర బయటపెట్టింది. సుత్తి దెబ్బలకి బీటలిచ్చాను. కాలిన ఇంజనాయిలు తాగి తాగి నల్లబడిపోయాను. పలక చక్రం గుంటలో పడితే మడమతో ఒక్క తోపు తోసి దాటేసేవాడు, అంతే. గుంట పూడ్చాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

ఒకనాడు జొన్నాడ దగ్గర రోడ్డు మీద ఆగిపోయిన వ్యాను బాగుచేస్తుంటే వెనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దింది. సత్తిరాజు ప్రాణాలతో బయటపడ్డాడు గానీ నడుము కింద స్పర్శ పోయింది. కాళ్లు ఇక తిరిగి రావన్నారు డాక్టర్లు.

షెడ్డుని అతని బావమరిది వీరభద్రం నెట్టుకొచ్చాడు. భద్రానికి పంక్చర్లు వచ్చు, కబుర్లు ఇంకా బాగా వచ్చు. ఇంజను విప్పడం అతని వల్ల కాదు. సత్తిరాజు ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని, మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడుతున్నాడని భద్రం టీ కొట్టువాడితో చెబుతుంటే విన్నాను. నా గుంటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టయింది నాకు. ఆ మనిషి లేకపోతే షెడ్డు బోసిపోయింది.

సత్తిరాజు భార్య మంగతాయారు మాత్రం గోడవైపు తిరిగే రకం కాదు. ఒక ఉదయం అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని షెడ్డుకి తోసుకొచ్చింది.

"చేతులు బానే ఉన్నాయి కదండీ. బండి కింద పనికి కాళ్లెందుకు?" అంది.

భద్రం అతన్ని ఎత్తి పలక మీద పడుకోబెట్టాడు. సత్తిరాజు రెండు అరచేతులూ నా మీద ఆనించి తోసుకున్నాడు. పలక కదిలింది. ఆటో కిందికి సగం వెళ్లిందో లేదో చక్రం యాసిడ్ గుంటలో దిగబడింది. మడమతో తోసే రోజులు పోయాయి. అరచేతులు చెక్కుకుపోయాయి గానీ పలక మాత్రం అంగుళం కదల్లేదు. చివరికి భద్రం అతని కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు. నలుగురి ముందు అలా లాగించుకోవడం సత్తిరాజుకి చచ్చినంత పనయింది.

"నన్నింటికాడ దింపెయ్ రా" అన్నాడు.

"దింపుతాను బావా. ముందీ గచ్చు సంగతి చూడనీ" అన్నాడు భద్రం.

అలా నాకు వైద్యం మొదలైంది. దాన్ని వైద్యం అనడానికి నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే మొదట జరిగింది వైద్యం కాదు. ఎలా కడగాలని భద్రం ఫోన్లో అడిగితే, సత్తిరాజు మంచం మీద నుంచే "డీజిల్ కొట్టి కడగరా" అన్నాడు. మెకానిక్కు లోకంలో మురికికి మందు అదొక్కటే. గేర్లు కడిగేది డీజిల్‌తోనే, గొలుసులు కడిగేది డీజిల్‌తోనే, అన్నానికి కూర్చునే ముందు చేతులు కడుక్కునేది కూడా దాంతోనే. భద్రం క్యానులు క్యానులు నా మీద కుమ్మరించాడు. పైపైన తళతళలాడిపోయాను. ఇనుము నూనె తాగదు, నేను తాగుతాను. ఆ తేడా వాళ్లకి చెప్పడానికి నాకు నోరేదీ? గుంటలు పూడ్చి, గచ్చులకి వేసే రెండు డబ్బాల రంగుమందు కలిపి బూడిదరంగు పూత వేశారు. ఫోటోలు కూడా తీసుకున్నారు.

సత్తిరాజుని మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి గడ్డం గీయించుకుని వచ్చాడు. పలక కాస్త దూరం హాయిగానే సాగింది. ఆ తర్వాత చక్రానికి ఏదో చుట్టుకుంది. చూస్తే నా పూతే. అరటితొక్క ఊడినట్టు బారెడు పొడవున ఊడి వచ్చేసింది.

"కొట్టువాడు నాసిరకం డబ్బా అంటగట్టాడు బావా" అన్నాడు భద్రం.

మంగతాయారు వంగి, ఊడిన చోట వేలితో రాసి వాసన చూసింది. "దేంతో కడిగార్రా?"

"డీజిల్‌తో. బావే చెప్పాడు."

ఆమె భర్త వైపు తిరిగింది. "జిడ్డు మూకుడు నూనె పోసి తోముతారేంటండీ ఎవరైనా?"

పలక మీద పడుకున్న సత్తిరాజు పొట్ట కదిలింది. అతను నవ్వుతున్నాడు. ప్రమాదం జరిగిన తర్వాత ఆ షెడ్డులో అతని నవ్వు వినడం నాకు అదే మొదలు. ఇంటికి తీసుకుపొమ్మని మాత్రం అనలేదు.

"కుర్చీలో కూకోబెట్టరా. ఈసారి నేనే దగ్గరుండి చేయిత్తాను" అన్నాడు.

ఆ పూతంతా గీకి పారేశారు. మంగతాయారు మరిగే నీళ్లలో చాకలిసోడా కలిపి తెచ్చింది. భద్రం చీపురుకట్ట అరిగేదాకా తోమాడు. నాలోంచి నల్లటి నురగ వస్తూనే ఉంది. అంత నూనె దాచుకున్నానని నాకే తెలియదు. ప్రతిసారీ ఆరబెట్టి చెంబుతో నీళ్లు చిలకరించేవారు. నీళ్లు చేమాకు మీద బొట్లలా నిలబడితే "ఇంకా ఉందిరా" అనేవాడు సత్తిరాజు. భద్రం గొణుక్కుంటూ మళ్లీ చీపురు అందుకునేవాడు. చివరికి ఒకరోజు నీళ్లు నిలబడలేదు, నాలోకి ఇంకిపోయాయి. ముగ్గురూ తలలు వంచి ఆ తడిమచ్చ వంకే చూశారు. నా వైపు ఎవరైనా అంత ప్రేమగా చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత పాలిష్ మిషను అద్దెకు తెచ్చి నా పైచర్మం గరుకుగా అరగదీశారు. బీటల్ని ఉలితో వెడల్పు చేసి, టైర్లకి గాలి పట్టే మిషనుతో దుమ్ము ఊది, సిమెంటు కూరారు. భద్రం మూలనున్న కోడికాలి గుర్తుని కూడా పూడ్చబోయాడు.

"దాన్నొదిలెయ్యరా. అటు నా చక్రం రాదు" అన్నాడు సత్తిరాజు. అతనికి ఆ గుర్తు తెలుసన్నమాట. ఇన్నేళ్లుగా అతను నన్ను చూడలేదని అనుకున్నాను. నా అభిప్రాయం మార్చుకున్నాను.

బాగా ఆరాక పూత వేసి షట్టరు దించారు. గెలల ఆటోవాళ్లు వచ్చి తొందరపెడితే సత్తిరాజు గుమ్మం బయట కుర్చీలో కూర్చుని, "ఎండనివ్వండెహె" అని వెనక్కి పంపేవాడు. ఎప్పుడూ తొందరపడే మనిషి నా కోసం ఓపిక పట్టాడు. ఈలోగా మంగతాయారు గోడ మీద ఎత్తుగా ఉండే స్పానర్ల పలకని తీయించి, కూర్చున్నవాడికి, పడుకున్నవాడికి అందేలా కిందికి కొట్టించింది.

షట్టరు ఎత్తిన రోజు మొదటి బండి గెలల ఆటో. భద్రం బావని పలక మీద పడుకోబెట్టి పక్కకి తప్పుకున్నాడు. సత్తిరాజు అరచేతులు నా మీద ఆనాయి. పూత ఊడితే పోయేది నా పరువొక్కటే కాదు, ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరిగిపోతాడని భయపడ్డాను. అతను తోసుకున్నాడు. పలక సాఫీగా ఆటో కిందికి వెళ్లిపోయింది. నేను గట్టిగానే ఉన్నాను.

లోపల బోల్టు వదులు చేయగానే నూనెచుక్క ఒకటి నా మీద పడింది. సత్తిరాజు వెంటనే గుడ్డతో తుడిచాడు.

"డీజిల్ ఇమ్మంటావా బావా?" అన్నాడు భద్రం.

"నీ మొహానికి పోసుకో" అంది ఆటో కింద నుంచి గొంతు. టీ గ్లాసులు పట్టుకుని వచ్చిన మంగతాయారు నవ్వబోయి, కళ్లు కొంగుతో తుడుచుకుంది.

కాసేపటికి లోపలి నుంచి అలవాటుగా పిలుపు వచ్చింది. "ఒరేయ్ భద్రం, పద్నాలుగు స్పానరు..."

భద్రం లేచాడు.

"ఉండ్రా. నేను తెచ్చుకుంటా."

చక్రాలు చప్పుడు లేకుండా నా మీద దొర్లాయి. సత్తిరాజు ఆటో కింద నుంచి బయటికొచ్చి, గోడ దాకా వెళ్లి, చేయి చాపి స్పానరు తీసుకుని, మళ్లీ ఆటో కిందికి వెళ్లిపోయాడు. భద్రం లేచినవాడు లేచినట్టే నిలబడి ఉన్నాడు.