కోటు గుండీ

దొర కుట్టుషెడ్డుకు తాళం వేసి పోయాక, అందులోని పదిహేడు మందీ దాన్ని తామే నడుపుకున్నారు. పైన దొర లేడు, పార్టీ లేదు. రాబడి అందరికీ సమానం, కష్టం వంతులవారీ. ఏ మాటైనా డబ్బాలో గుండీలు వేసి తేల్చుకునేవారు. తెల్లది వేస్తే సరే, నల్లది వేస్తే కాదు. ఒక్క నల్లది పడినా ఆ మాట అక్కడితో ఆగాల్సిందే. ఆ పద్ధతి పెట్టింది గుడ్డ కత్తిరించే ఆయన, ఆయన భార్య. "పదహారు మంది కలిసి ఒకరి నోరు నొక్కకూడదు" అనేదావిడ.

ఇప్పుడావిడ లేదు. ఆయన ఎవరితోనూ మాట్లాడడు.

పోయినేడు ఆవిరి ఇస్త్రీ వంతు ఆవిడకు వచ్చింది. అప్పటికే ఆయాసం. "ఈ ఒక్కసారికి నన్ను వదిలెయ్యండి" అని అడిగింది. ఆవిడను వదిలితే ఆ వంతు కాజాలు కుట్టే ఆమె మీద పడుతుంది. డబ్బా బోర్లించి గుండీలు చూసింది ఆవిడే. ఒక్కటి నల్లది. మూడు నెలలు ఆవిరిలో నిలబడింది. నాలుగో నెలలో పోయింది.

నల్లది కాజాలామే వేసిందని షెడ్డంతా అనుకుంది. ముఖాన ఎవరూ అనలేదు. ఆమె పక్కన కూర్చుని తినడం మాత్రం మానేశారు.

ఆర్నెల్లు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం ఆమె తన కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

"పోతున్నా. దొరున్నప్పుడు ఒక్కడే తిట్టేవాడు. మీరంతా తిట్టకుండానే చంపుతున్నారు."

"పోతే పో, మేమేమన్నా గెంటామా?" అంది బట్టలు మడతపెట్టే ముసలామె. "మనసులో ఏం లేకపోతే ఎందుకే అంత ఉలుకు?"

"నీ చెవిలో అరిచినా ఉలకవు పిన్నీ, ఉలుకు సంగతి నీకేం తెలుసు?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. ఆయన వైపు తిరిగింది.

"అన్నా, నువ్వయినా చెప్పు. వదినకి నేను కీడు తలపెడతానా?"

ఆయన గుడ్డ మీద గీస్తున్న సుద్దగీత వంకరపోయింది.

ఆ నల్లది ఆయనదే. సొంత భార్యకు మినహాయింపు ఇస్తే దొరకీ తమకీ తేడా ఏముందనుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ కాదనలేదు గనక తన వంతు నల్ల గుండీ ఎక్కడో పోయింది. తన కోటుకున్న నల్లది తెంచి వేశాడు. న్యాయం చేశానని మురిశాడు కూడా. ఆవిడ పోయాక, చలి మొదలైన రోజు కోటు తీస్తే గుండీ దాని చోట్లో ఉంది. గట్టిగా, నాలుగు పోగులతో, ఆవిడ కుట్టు. బతికుండగా ఒక్క మాట అనలేదు.

"దాని కత్తెర దానికిచ్చెయ్యండి" అన్నాడు. "ఆ గుండీ నాది."

షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి.

"కట్టుకున్నదానికా?" అంది ముసలామె.

"రూలు అందరికీ ఒకటే అనుకున్నా పిన్నీ."

"నీ రూలు తగలెయ్య!"

కాజాలామె ఆయన్నే చూస్తోంది. "మరి ఆర్నెల్లు ఎందుకు ఊరుకున్నావన్నా?"

ఆయన డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "నన్ను పంపెయ్యండి. గుండీలు వెయ్యండి."

వేశారు. తన తెల్లది తనూ వేశాడు. బోర్లిస్తే పదిహేను తెల్లవి, ఒక నల్లది.

అది ఎవరిదో ఆయన అడగలేదు. ఇక తను షెడ్డులోనే ఉండాల్సిందే.

మర్నాడు తినే వేళకు కాజాలామె చుట్టూ చోటు చాలలేదు. ఆయన బల్ల దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.