పై అంచున ఎర్ర ముడి

జెండాల దర్జీ ఒక్క విషయంలో మహా మొండివాడు. ఏ జెండా కుట్టినా పై మూలన ఎర్ర దారంతో చిన్న ముడి వేస్తే గానీ కొట్టు దాటనివ్వడు. ఒకసారి ఎవరో జెండాను తలకిందులుగా ఎగరేసి, తప్పంతా ఇతని నెత్తిన రుద్దారు. అప్పటి నుంచీ ఈ ముడి పెట్టుకున్నాడు.

ఈసారి ఫోన్లో వచ్చిన ఆర్డరు ఐదు చారల జెండా. లేత నీలం, గులాబి, తెలుపు, మళ్ళీ గులాబి, మళ్ళీ లేత నీలం. ట్రాన్స్ వాళ్ళ జెండా అని చెప్పారు. చివరి అంచు కుడుతూ, కబుర్లకు వచ్చిన పక్క కొట్టు గడియారాల మెకానిక్‌తో వేళాకోళం మొదలుపెట్టాడు. మగపిల్లల రంగూ ఆడపిల్లల రంగూ కలిపారు సరే, మధ్యలో తెలుపు రాజీ కుదర్చడానికి కాబోలు అన్నాడు. మెకానిక్ నవ్వాడు. నవ్వేవాడు దొరికితే దర్జీ నోటికి తాళం ఉండదు.

"అటూ ఇటూ కానివాళ్ళకి జెండా ఒక్కటే తక్కువైంది."

ఈసారి మెకానిక్ నవ్వలేదు, గుమ్మం వైపు చూస్తున్నాడు. దర్జీ కూడా తల తిప్పాడు.

గుమ్మంలో అతని చెల్లెలి బిడ్డ. చిన్నప్పటి నుంచీ వేసుకున్న చొక్కాలన్నీ ఇతని చేతి కుట్టే. నేను అబ్బాయిని కాదు, అమ్మాయిని అని ఇంట్లో చెప్పి, నానా మాటలూ పడి వెళ్ళిపోయాక మళ్ళీ కనిపించడం ఇదే మొదలు. జుట్టు భుజాల మీదికి పెరిగింది, చెవులకు చిన్న రింగులున్నాయి. జెండా తీసుకెళ్ళడానికి వచ్చింది. అన్నీ విన్నదని ముఖమే చెబుతోంది. మెకానిక్ ఏదో పని గుర్తొచ్చినవాడిలా జారుకున్నాడు.

దర్జీ ఎర్ర ముడి చూపించాడు. ఇది పైవైపు, తలకిందులు కాకుండా చూసుకోవాలి అని నేలతో చెప్పినట్టు గొణిగాడు.

"దీనికి తలకిందులనేది లేదు మావయ్యా. ఎటు ఎగరేసినా సరిగ్గానే ఉంటుంది. కావాలనే అలా చేశారు."

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. కత్తెర మొనతో ముడి విప్పేశాడు. సూది బెజ్జాలు మిగిలాయి. వేలితో రుద్దినా పోలేదు.

ఆమె జెండా పెట్టుకోవడానికి సంచి తెరిచింది. లోపల పువ్వుల బట్ట మడత, గౌనుకు సరిపడేంత.

"కుట్టించుకోడానికా?"

"నీ చేత్తో కుడితే బాగుంటుందని తెచ్చాను. ఇంకెక్కడైనా ఇస్తాలే."

ఇలా ఇవ్వు, నేను కుడతాను అనడానికి ఎంతసేపు పడుతుంది? వీధి వీధంతా నవ్వించే ఆ నోరు అప్పుడు పెగల్లేదు. మెడలోని టేపు పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె మెట్లు దిగింది.

ఆలస్యంగానైనా కాళ్ళు కదిలాయి. వీధిలోకి పరుగెత్తాడు. ఆమె మలుపు దగ్గరే ఉంది, పిలిస్తే వినబడుతుంది. అమ్మాయ్ అందామంటే ఇందాకటి మాట ఇంకా నాలుక మీదే ఉంది. పాత పేరు పెదాల దాకా వచ్చింది, మింగేశాడు. కొత్త పేరు అతను అడగనే లేదు.