జారని బూటు

హనుమయ్య లేసులు బిగించి, బాస్కెట్‌బాల్ కోర్టు మూలనున్న దుమ్ము తీసి కావాలనే బూట్ల అడుగుకు రుద్దాడు. చవక బూటు సంగతి దుమ్ములోనే తేలుతుంది మరి! అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఓ షాపుల కంపెనీకి కాంట్రాక్టు మీద బూట్లు పరీక్షించడం ఆయన పని. యాభై దాటాయి, పొట్ట ముందు నడిస్తే తాను వెనక నడుస్తాడు. అయినా కుర్రాళ్ళతో సమానంగా బాస్కెట్‌బాల్ ఆడాల్సిందే.

ఈ రకం బూటును ఆయనే రెండుసార్లు తిప్పిపంపాడు. ఒకసారి మడమ దగ్గర వదులు, ఇంకోసారి అడుగు జారుడు. ఇవాళ కూడా జారితే దీన్ని మానేస్తామని మేనేజరు ప్రణీత తేల్చి చెప్పింది. ఆయన కాంట్రాక్టు కూడా ఇవాళే ఆఖరు. ఖరీదైనవి కొనలేని ఇళ్ళ పిల్లలు సైతం పడిపోకుండా ఆడాలని ఆయన పంతం.

"అంకుల్, పాస్ అని రాసెయ్యండి. ఎవరు చెక్ చేస్తారు?" అన్నాడు అవతలి జట్టులోని సహోద్యోగి తేజేశ్వర్.

"ఊరుకోవయ్యా! జారితే జారిందనే రాస్తా."

ఆట మొదలైంది. అరికాలి కింద మెత్తగా బాగానే ఉంది, పక్కలే కాస్త బిగుతు. బంతి చిక్కగానే హనుమయ్య బుట్ట వైపు దూసుకుపోయాడు. దారిలో ఆయన కాలు తేజేశ్వర్ కాలికి తగిలింది. అంతే! అంత వేగంలో ఉన్నవాడూ నిలువునా ఆగిపోయి, బంతి వదిలేసి, వంగి కుర్రాడి మోకాలు తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

"అయ్యో అంకుల్, గేమ్‌లో కూడానా! బాల్ వదిలేశారేంటి!"

ఆ బంతి అందుకుని అవతలివాళ్ళు బుట్టలో వేసేశారు. కోర్టంతా ఒకటే నవ్వులు. హనుమయ్య మాత్రం వంగినవాడు వంగినట్టే తన కాళ్ళ వంక చూస్తున్నాడు.

"జారలేదు! ఆగాలనుకుని ఆగితే ముందే జాగ్రత్తపడతాం. ఇప్పుడు నేననుకోనే లేదు. అయినా జారలేదయ్యా!"

కోర్టు పక్కన నిలబడి చూస్తున్న ప్రణీత నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ పరిగెత్తించింది. రొప్పుతూనే పరిగెత్తాడు, ఆగమన్న చోటల్లా ఆగాడు.

"ఓకే హనుమయ్య గారూ, అప్రూవ్ చేస్తున్నాను."

"పక్కలు మాత్రం కాస్త వదులు చేయించమ్మా," అన్నాడు. కన్నబిడ్డ ఫస్టున పాసైనంత గర్వంగా ఉంది ఆయనకి.

సాయంత్రం బ్యాడ్జి, బూట్లు అప్పగించి, అందరికీ చెప్పి, కారెక్కి మిషిగన్‌లో కొత్త పనికి వెళ్ళిపోయాడు. ఇకపై తయారయ్యే ప్రతి జత నేలను పట్టే తీరునూ పోల్చి చూడడానికి ప్రణీత ఆ బూట్లను తన బల్ల మీద పెట్టుకుంది. లోపల ఆయన చెమట ఇంకా ఆరలేదు.