ఆ గోడకు కిటికీ ఎన్నడూ లేదట

నేను కుట్టుపని చేస్తాను. నా మిషను పక్కనే కిటికీ. పక్కింట్లో ఉండే మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్క, తన పెరట్లో రేకుల పాక వేయించి, ఆ కిటికీని కాస్తా మూసేసింది. పగటి వెలుతురులో కుట్టుకో, లేదంటే సూది మానుకో అన్నాడు కళ్ల డాక్టరు. సూది మానేసి ఏం చేయను, గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా? ఒళ్లు మండి కోర్టుకెక్కాను. ఆ రోజు నుంచి మా ఇద్దరి మాటలూ లాయర్ల నోటి మీదుగానే.

లాయర్లకేం, ఒకరినొకరు తిట్టుకుంటూనే వాయిదా దగ్గరికొచ్చేసరికి పాలూ నీళ్లలా కలిసిపోయేవారు. కొత్తగా వచ్చిన జడ్జిగారు అది చూసి కళ్లజోడు తీశారు.

"చట్టం మిమ్మల్ని సహకరించుకోమంది వాయిదాలు అడగడానికి కాదు. దేన్ని ఒప్పుకుంటున్నారో, దేనికి పోట్లాడుతున్నారో కలిసి ఒకే కాగితం మీద రాసివ్వండి. కక్షిదారులూ కూర్చోవాలి. ఇవాళే."

అలా పక్కగదిలో ఓ కుంటి బల్ల చుట్టూ నలుగురం చేరాం. వదిన గోడ గడియారాన్ని చూస్తూ కూర్చుంది. నేను నా చెప్పుల్ని చూసుకున్నాను.

"మొదటి అంశం, గోడకు కిటికీ ఉంది. మీరేమంటారు?" అన్నాడు మా లాయరు.

వదిన లాయరు తాను దాఖలు చేసిన జవాబు తీసి చదివాడు. "సదరు గోడకు కిటికీ ఎన్నడూ లేదు. ఇదంతా వాది కల్పన."

వదిన తల తిప్పింది. "లేదని ఎవరు చెప్పారు మీకు?"

"మీరే సంతకం పెట్టారమ్మా."

"మీరు వేలు పెట్టి చూపించిన చోట పెట్టాను. అది మా నాన్న కట్టిన ఇల్లండీ. ఆయన కునుకు తీస్తే ఆ కిటికీలోంచే దూకి ఆటకి పారిపోయేదాన్ని. మోకాలి మీద మచ్చ కూడా ఉంది."

"మెల్లగా అమ్మా. అలా అంటే కేసు పోతుంది."

"పోతే పోనీండి. ఉన్న కిటికీని లేదంటానా?"

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే అడిగేశాను. "మరి రేకు అంత ఎత్తున ఎందుకేయించావు వదినా?"

"మేస్త్రీ వేశాడు. నేనెక్కి చూశానా? చీకటవుతోందని వచ్చి చెప్పొచ్చుగా."

"నోటీసులో చెప్పాగా."

"నోటీసులో నీ నోటికాడి కూడు లాగేశానని ఉందట. అన్నావా ఆ మాట?"

నేను అనలేదు. మా లాయరు వైపు చూశాను. ఆయన బల్ల కాలి కింద కాగితం మడిచిపెట్టే పనిలో మునిగిపోయాడు. నాకు సిగ్గేసింది, దుఃఖం కూడా వచ్చింది.

"కిటికీ ఉందని రాయండి. రేకు దించేస్తానని కూడా రాయండి," అంది వదిన తన లాయరుతో. తర్వాత కుర్చీ నా వైపు జరుపుకుంది. "నీ కళ్లకేమైందే?"

అలవాటు కొద్దీ మా లాయరు నోరు తెరిచాడు.

"మీరాగండి," అంది వదిన. "అది చెబుతుంది."