తొంభై చరణాల మీద కూర్చున్న నటి

అయిదో అంకం రాతప్రతి నేల మీద పడి ఇవాళ్టికి మూడో రోజు. నటి లుకెరియా ఇంకా దాని మీదే కూర్చుని ఉంది.

రష్యా నాటకశాలల్లో అదొక ఆనవాయితీ. చేతిలోని నాటకం జారిపడితే, పడ్డచోటే దాని మీద ఒకసారి కూర్చుని గాని పైకి తీయకూడదు. తీస్తే నాటకం తన్నేస్తుంది. లుకెరియా పద్ధతిగానే కూర్చుంది. ఆమె లేవబోయినప్పుడల్లా కాగితాలు గౌను అంచు పట్టుకుని మళ్ళీ కూర్చోబెడుతున్నాయి. వాటిలోని మాటలు ఆమె నోటికి రావడం మానేశాయి.

అందరికంటే ఎక్కువ ఒళ్ళు మండుతున్నది అగ్నియా పెత్రోవ్నాకి. ఇటలీవాళ్ళ ఆ పద్యనాటకాన్ని ఏడేళ్ళు కష్టపడి రష్యన్‌లోకి తెచ్చింది ఆవిడే. చివర్లో ఒక ఉప్పు వర్తకుడి భార్య, భర్తను చంపినవాణ్ణి క్షమిస్తూ తొంభై చరణాలు పలుకుతుంది. అవి ఒక్కసారి ఎవరి చెవినైనా పూర్తిగా పడితే చాలని అగ్నియా ఆశ.

దర్శకుడు సవేలీ ఫోమిచ్‌కి మొదటినుంచీ ఆ చరణాలు గిట్టవు. ఇటలీవాళ్ళు ఎండలో పెరిగారు గనక అంతసేపు మాట్లాడగలరట, మనకు ఒక్క నిట్టూర్పు చాలట. రెండో అంకంలో నిమ్మతోట పీకించి చలిదేశపు బిర్చి చెట్లు నాటించాడు. అవి వేదిక చెక్కల్లో వేళ్ళూని రోజూ ఆకులు రాలుస్తున్నాయి, ఊడ్చలేక పనివాళ్ళు చస్తున్నారు. ఇప్పుడు నటి లేవకపోవడంతో, రోగి కోరిందీ పాలే వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టయింది ఆయనకి.

“కూర్చోనివ్వండి, అగ్నియా పెత్రోవ్నా. మాట్లాడే మనిషి కంటే కూర్చున్న మనిషి మన ప్రేక్షకులకి బాగా అర్థమవుతుంది.”

“ఆమె కూర్చున్నది నా ఏడేళ్ళ మీద.”

“అందుకే అంత బాగా కూర్చుంది.”

ఈ మనిషితో వాదించడం కంటే గోడకి తల బాదుకోవడం సుఖమనిపిస్తుంది అగ్నియాకి.

తొలి ప్రదర్శన మొదలవుతుంది. అయిదో అంకంలో లుకెరియా పావుగంట సేపు కూర్చుంటుంది. జనం కుమిలి కుమిలి ఏడుస్తారు. ఇటలీ పద్యానికి ఇన్నాళ్ళకి రష్యన్ ఆత్మ దొరికిందని మూడో వరసలోని విమర్శకుడు అక్కడికక్కడే రాసేసుకుంటాడు. దొరికింది గాడిదగుడ్డు, అని పళ్ళు నూరుతుంది అగ్నియా. చప్పట్లయ్యాక అందరూ నంబరు బిళ్ళలు పట్టుకుని, వచ్చేటప్పుడు కింద అప్పగించిన ఓవర్‌కోట్ల కోసం దిగిపోతారు.

ఖాళీ హాల్లో అగ్నియా వేదిక ఎక్కుతుంది.

“నేనేం చెయ్యను, అగ్నియా పెత్రోవ్నా?” అంటుంది లుకెరియా, కళ్ళలో నీళ్ళతో.

“నువ్వు కూర్చో తల్లీ. నేను చెబుతాను.”

విసురుగానే మొదటి చరణం ఎత్తుకుంటుంది. మూడో చరణానికి తలుపు తెరుచుకుంటుంది. ఓవర్‌కోట్లు ఒక్కొక్కటే లోపలికి వస్తాయి. తోసుకోకుండా, దగ్గకుండా వరసల్లో కూర్చుంటాయి. నలభయ్యో చరణానికి ముందు వరసలోని పాత బొచ్చుకోటు పక్కదాని భుజం మీద వాలుతుంది. తొంభయ్యోది అయ్యేసరికి ఏడువందల జతల ఖాళీ కోటుచేతులు కన్నీళ్ళతో తడిసి బరువెక్కి, కుర్చీల మీంచి నీళ్ళు కారుతూ వేలాడుతున్నాయి. అగ్నియాకి పట్టలేనంత సంతోషం కలుగుతుంది.

బయట నుంచి జనం తలుపు బాదుతున్నారు. చలేస్తోందంటున్నారు. అగ్నియా దిగి వెళ్ళి గడియ వేసి వచ్చి, మళ్ళీ మొదటి చరణం ఎత్తుకుంటుంది.