ఎల్సీకి తగ్గిన జ్వరం

పొద్దున్నే గిరిజ లంచ్ బాక్సులు సర్దుతుంటే, కూతురు నవీన టోస్టు తింటూ ఎల్సీ డైరీ పైకి చదివేది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో వాళ్ళు అద్దెకున్న ఆ ఇంట్లోనే, 1938లో మంచం పట్టిన పన్నెండేళ్ళ పిల్ల ఎల్సీ. ఆమె డైరీలో రోజూ తెల్లారేసరికి కొత్త పేజీ ఒకటి నిండి ఉండేది. ఇల్లు చూపించిన రోజు హీటర్ సంగతితో పాటు ఓనరు ఇదీ చెప్పే వెళ్ళాడు.

గొంతునొప్పి తగ్గాక ఎల్సీకి జ్వరం వచ్చి మోకాళ్ళు వాచాయి. నొప్పి మోకాళ్ళు వదిలి మణికట్లకి పాకింది. వాళ్ళమ్మ వేడి గుడ్డలు చుట్టేది. పడుకోబెట్టమనడం తప్ప డాక్టరుకీ దారి తెలియదు.

జూన్‌లో ఒకరోజు నవీన కుంటుతూ లేచింది. మూడు వారాల క్రితం ఆమెకీ గొంతునొప్పి వచ్చి తగ్గింది. చదివి చదివి అనుకరిస్తోందనుకుంది గిరిజ. ఎదిగే వయసులో ఇలాంటివి మామూలేనని బామ్ రాసి స్కూలుకి పంపింది. తను పనిచేసే హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే మాత్రం మనసు నిలవలేదు. వాచిన ఎడమ మోకాలు ఎల్సీదా, నవీనదా? ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు డైరీలో కొత్త పేజీ గిరిజే తెరిచింది.

"మా అమ్మ కూడా ఎదిగే నొప్పులే అంది. ఈలోగా గుండెకి పాకింది. నవీనని ఇవాళే తీసుకెళ్ళండి ఆంటీ."

గిరిజ పనికి వెళ్ళలేదు. డాక్టరు రక్తం తీయించి, గుండె పరీక్షించి, గొంతునొప్పి వెనకే వచ్చే రుమాటిక్ ఫీవర్ అన్నాడు. కవాటాలకి ఇంకా ఏమీ కాలేదని, ఇరవై ఎనిమిది రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ పదేళ్ళపాటు తప్పకూడదని చెప్పాడు. మొదటి సూది పడగానే నవీన తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాటి పేజీలో ఎల్సీ రాసింది: "నిన్న తుంటి మీద సూది గుచ్చినట్టయింది. గదిలో ఎవరూ లేరు. జ్వరం దిగింది. ఎందుకో తెలియదు."

గిరిజకీ తెలియలేదు. ఆనాటికి ఆ మందే లేదు కదా! వైద్యం ఎవరికి జరుగుతున్నట్టు?

నెల నెలా నవీన ఇంజెక్షన్ వేయించుకుంటోంది. ఎల్సీ రాతలు చిన్నవవుతూ వచ్చాయి. గేటు దాకా నడిచానంది. ఇంకోరోజు, కొండ దిగానంది.

సెప్టెంబరులో ఒక పొద్దున కొత్త పేజీ లేదు. గిరిజ డైరీ చేతిలోకి తీసుకుంది. వెనక్కీ ముందుకీ తిప్పింది, వెలుతురుకి పట్టి చూసింది. పిల్లకి ఏమైందోనని నవీనని పిలిచింది.

నవీన షూ లేసులు కట్టుకుంటూ తలెత్తకుండానే అంది:

"స్కూల్‌కి వెళ్ళుంటుంది అమ్మా. తనకి టైమ్ అయిపోయుంటుంది."