గని బోను లాగిన డీసీ మోటారు

నేను ఒక డీసీ మోటారును. ఇప్పుడు గూడూరులో ఒక పాత ఇనుము కొట్లో, ఓ ఏసీ మోటారు పక్కనే పడి ఉన్నాను. ఒకప్పుడు సైదాపురం దగ్గర అభ్రకం గనిలో, రెండు వందల అడుగుల లోతు నుంచి రాళ్ళనీ మనుషులనీ మోసే బోను లాగేదాన్ని.

తిన్నగా వచ్చే కరెంటునే తింటాను. ఎంత తింటే అంత, తిన్నగానే తిరుగుతాను. లోపం ఒక్కటే, నా బొగ్గు బ్రష్షులు అరుగుతాయి. పళ్ళు తోమే బ్రష్షు ఏడాదైనా మార్చని యజమాని కోటారెడ్డి, నా బ్రష్షులు మార్చాలంటే పళ్ళు నూరేవాడు.

కింది నుంచి గంట కొట్టి కబురు చెప్పేవారు. రెండు కొడితే రాయి వస్తోందని, మూడు కొడితే మనిషి వస్తున్నాడని. మూడోది మోగితే నన్ను నడిపే మస్తానయ్య హ్యాండిలును వేలితో తోసినట్టు తిప్పేవాడు. నేను పాకేదాన్ని.

కోటారెడ్డి బ్రష్షుల్లేని ఏసీ మోటారు తెచ్చి, రాళ్ళు నింపి పరీక్షించి మురిసిపోయాడు. మీట నొక్కితే అది ఒక్క ఉదుటున లంఘించేది. నన్ను విప్పి మూలన పెట్టారు. కొత్తదాని కుదుపుకు జడిసి మనుషులు బోను మాని నిచ్చెనలు పట్టారు. మూడో గంట మోగడమే మానేసింది. ఎందుకని కోటారెడ్డి అడగలేదు.

ఓ మధ్యాహ్నం నిచ్చెన మెట్టు విరిగి, రాళ్ళు కొట్టే పెంచలయ్య కింద పడ్డాడు. నడుం దెబ్బతింది, కాలివేళ్ళు మాత్రం కదులుతున్నాయట. చెక్క పలకకు కట్టి బోనులో పెట్టారు. చాలా రోజులకు మూడు గంటలు మోగాయి.

"ఇంకా చూస్తావేందయ్యా, లాగు! నిమిషంలో పైకొస్తాడు" అన్నాడు కోటారెడ్డి.

మస్తానయ్య మీట ముట్టుకోలేదు. "మొదటి కుదుపుకే వాడు అవిటోడవుతాడు రెడ్డిగారా. పాతదాన్ని బిగిస్తా. గంటసేపు పడతది."

"ఈలోపల వాడికేమన్నా అయితే?"

"నన్నడగండి. ముందా స్పానరు ఇట్టా ఇయ్యండి."

నలుగురితోపాటు కోటారెడ్డీ నాకు భుజం పట్టాడు. నా బరువు ఆయనకు తెలిసింది ఆ రోజే. అరిగిన బ్రష్షుల్ని తన పంచె కొంగుతో ఆయనే తుడిచాడు.

మస్తానయ్య హ్యాండిలు తిప్పాడు. తాడు బిగిసింది. రెండు వందల అడుగులూ నేను పాకుతూనే లాగాను. బోను పైకొచ్చి ఆగింది. కోటారెడ్డి వంగి పెంచలయ్య కాలివేళ్ళు చూశాడు. కదులుతున్నాయి.

పెంచలయ్య కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు.

"ఎప్పుడు లాగతావు మస్తానన్నా? చెప్పి లాగన్నా" అన్నాడు.

అప్పటికే అతని మొహం మీద ఎండ పడుతోంది.